చెప్పినదెవరు? చూచినదెవరు?

సోదర రైల్వే, తపాలా ఉద్యోగులారా,

ప్రభుత్వ ప్రకటనలలోను, వ్యాపార సంఘాల సభలలోను ఈనాడు ఒక మాట మారుమ్రోగుతున్నది. సరుకు ఫ్యాక్టరీ గేటు దాటినది మొదలు కొనుగోలుదారు గుమ్మం చేరేవరకు దానికి సంబంధించిన సమాచారమంతా ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి దానంతట అదే ప్రవహించాలట. మధ్యలో కాగితం గాని, కలం గాని, మనిషి గాని అడ్డు రాకూడదట. దీనికి ఎలక్ట్రానిక్ సమాచార మార్పిడి అని పేరు. దేశం ముందుకు పోవాలంటే ఇదే రాచబాట అని మనకు బోధిస్తున్నారు.

"దానంతట అదే" అన్న ఆ రెండు ముక్కల దగ్గరనే మనం ఆగి ఆలోచించవలసియున్నది. దానంతట అదే పుట్టే సమాచారం ఈ లోకంలో లేదు. ఎక్కడో ఒకచోట ఒక గూడ్స్ క్లర్కు తూకం వ్రాయాలి. ఎక్కడో ఒకచోట ఒక బ్రాంచి పోస్ట్‌మాస్టరు పార్సెలు మీది గీతలపై యంత్రాన్ని చూపాలి. అర్ధరాత్రి ప్లాట్‌ఫారం మీద ఒక ఆర్.ఎం.ఎస్. ఉద్యోగి బ్యాగులు లెక్కపెట్టాలి. ఆ చేతులు కదలనిదే ఏ యంత్రానికీ చెప్పుకొనేందుకు మాటే లేదు.

యంత్రాన్ని మనం వ్యతిరేకించడం లేదు. యంత్రం చాటున లాభాన్ని పైకి, బాధ్యతను క్రిందికి పంపించే ఏర్పాటును వ్యతిరేకిస్తున్నాము. సరుకుతో పాటు ప్రయాణించే ప్రతి సందేశంలోను రెండు ప్రశ్నలకు జవాబు ఉండి తీరాలని కోరుతున్నాము. ఈ అంకె చెప్పినదెవరు? చూచినదెవరు? ఈ రెండింటికి జవాబు లేని వ్యవస్థలో శిక్ష పడేది చివరి చేతికే. ఆ చివరి చేయి మనది.

సందేశం మనకు కొత్త కాదు

మన మీద తరచు వేసే నింద ఒకటున్నది. రైల్వే, తపాలా ఉద్యోగులు కాగితానికి అంటుకుపోయినవారు, సందేశాల యుగం వారికి అర్థం కాదు అంటారు. ఇంతకంటె హాస్యాస్పదమైన మాట మరొకటి లేదు. ఈ దేశంలో సందేశం మీద ఆధారపడి ప్రాణాలను, సరుకులను నడిపిన మొదటి కార్మికులము మనమే.

ఒక స్టేషను మాస్టరు పక్క స్టేషనుకు లైన్ క్లియర్ ఇచ్చే పద్ధతిని గుర్తు చేసుకోండి. మాట ఇస్తే చాలదు. ప్రైవేటు నెంబరు ఇవ్వాలి. ఆ నెంబరు అతని వద్దనున్న షీటులోనిది. ఒకసారి వాడిన నెంబరును కొట్టివేస్తారు. ఇచ్చినవాడు వ్రాసుకుంటాడు, పుచ్చుకున్నవాడు వ్రాసుకుంటాడు. ఆ నెంబరు అర్థమేమిటి? "ఈ మాట నేను చెప్పాను, దీనికి నేను జవాబుదారిని, దీనికి మించినదానికి కాను" అని. వందలాది ప్రయాణికుల ప్రాణాలు ఆ చిన్న అంకె మీద నిలుస్తాయి.

ఆర్.ఎం.ఎస్.లో బ్యాగులు చేతులు మారే ప్రతిచోట మెయిల్ లిస్టు మీద సంతకం ఉంటుంది. బ్యాగు సీలు పగిలియుంటే పుచ్చుకున్నవాడు అక్కడికక్కడే వ్రాస్తాడు. ఆ ఒక్క వాక్యం తరువాతి విచారణలో ఒక కుటుంబపు జీతాన్ని కాపాడుతుంది.

ఇక గూడ్స్ షెడ్డు సంగతి. 1989 నాటి రైల్వే చట్టం 65వ సెక్షను ప్రకారం రైల్వే రసీదు అందులోని బరువుకు, సంఖ్యకు ప్రాథమిక సాక్ష్యం. కాని అదే సెక్షను ఒక మినహాయింపు కూడ చెప్పినది. వ్యాగన్ లోడు, ట్రెయిన్ లోడు సరుకులో రైల్వే ఉద్యోగి బరువును గాని, సంఖ్యను గాని స్వయంగా సరిచూడని పక్షంలో, ఆ మాట రసీదుపై వ్రాసియున్నప్పుడు, నిరూపించవలసిన భారం సరుకుదారుదే. మన గూడ్స్ క్లర్కులు "సెడ్ టు కంటైన్" అని వాడుకగా చెప్పే ఆర్.ఆర్. ఇదే. ఓడ సరుకుల బిల్లు ఆఫ్ లేడింగ్ మీద కూడ ఇటువంటి మాటనే వ్రాయడం తరతరాల ఆచారం.

చట్టం ఎంత తెలివిగా మాట్లాడినదో చూడండి. సరుకుదారు చెప్పిన అంకె వేరు, ఉద్యోగి చూచిన అంకె వేరు. రెండూ ఒకే గడిలో కూర్చున్నా రెండింటి బరువు ఒకటి కాదు. ఈ భేదం ఏ గుమాస్తా మొండితనం వలననో పుట్టలేదు. రవాణా వృత్తి తన అనుభవంతో కూడబెట్టుకున్న న్యాయం ఇది.

ఈ మార్పిడి ఎక్కడ పుట్టినది?

ఎలక్ట్రానిక్ సమాచార మార్పిడి చరిత్రలో కూడ మొదటి అడుగులు రవాణా కార్మికుల నేల మీదనే పడ్డవి. 1948–49లో బెర్లిన్ నగరానికి విమానాల మీద ఆహారం, బొగ్గు చేరవేసినప్పుడు, రకరకాల పత్రాల గందరగోళం భరించలేక, ఎడ్వర్డ్ గిల్బర్ట్ అనే అమెరికా సైనికాధికారి అందరికీ ఒకే రీతి సరుకుల జాబితాను రూపొందించాడు. 1968లో అమెరికాలోని రైలు, ట్రక్కు, ఓడ, విమాన రవాణా సంస్థలు కలిసి ఇటువంటి ఉమ్మడి నమూనాల కోసం ఒక సంఘాన్ని ఏర్పరచుకున్నవి. 1987లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో రూపొందిన ఎడిఫాక్ట్ నియమాలను ఐ.ఎస్.ఓ. 9735 ప్రమాణంగా ఆమోదించారు. ఏ గడిలో ఏ అంకె ఉండాలి, ఏ సంకేతానికి ఏ అర్థం అన్నది దేశదేశాల యంత్రాలకు ఒకే వ్యాకరణం అయినది.

అది నేడు మన ఉద్యోగంలోకి పూర్తిగా ప్రవేశించినది. రైల్వేలో సరుకు రవాణా సమాచార వ్యవస్థ, అనగా ఫాయిస్, రేకుల కదలికను, వ్యాగన్ల డిమాండును, ఆర్.ఆర్.ను యంత్రంలోకి తెచ్చినది. తపాలాలో విశ్వ తపాలా సమాఖ్య నియమాల ప్రకారం 2021 జనవరి 1 నుండి సరుకులుండే ప్రతి విదేశీ పార్సెలుకు ముందుగానే ఎలక్ట్రానిక్ సమాచారం పంపడం తప్పనిసరి. పంపేవారి పేరు, అందుకునేవారి పేరు, లోపలి వస్తువు, బరువు, విలువ, అన్నీ పార్సెలు కంటె ముందు సముద్రం దాటాలి. డెస్పాచికి ముందు ఒక సందేశం, చేరినందుకు మరొక సందేశం, విమాన సంస్థకు వేరొక సందేశం.

సందేశం లేని పార్సెలు గతి ఏమిటో 2025లో మన కళ్ల ఎదుటనే తేలినది. ఆ ఏడాది ఆగస్టు 29 నుండి చిన్న పార్సెళ్లకున్న సుంకం మినహాయింపును అమెరికా ఎత్తివేసినది. ఆ సుంకాన్ని ఎవరు వసూలు చేయాలి, ఆ సమాచారాన్ని ఎవరు ఎవరికి పంపాలి అన్న ఏర్పాటు సిద్ధంగా లేనందున మన తపాలాశాఖ అమెరికాకు సరుకుల బుకింగును నిలిపివేయవలసి వచ్చినది. అన్ని తరగతుల బుకింగు మరల మొదలైనది అక్టోబరు 15నే. విమానాలున్నవి, పార్సెళ్లున్నవి, ఉద్యోగులున్నారు. సందేశానికి దారి లేదు. కనుక ఇది ఏదో కంప్యూటరు గదిలోని వ్యవహారం, మనకెందుకు అనుకునే రోజులు పోయినవి.

అండమాన్ నుండి చూస్తే

ఈ ప్రశ్నను ఢిల్లీ భవనాల నుండి చూస్తే ఒకలాగున కనిపిస్తుంది. గొలుసు చివరి కొసనుండి చూస్తే మరొకలాగున కనిపిస్తుంది. అండమాన్, నికోబార్ దీవులు ఆ చివరి కొస. అందుచేతనే మన పత్రిక పాఠకులను ఒక్కసారి అక్కడికి తీసుకుపోవలసి వచ్చినది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభా 3 లక్షల 80 వేలు. అందులో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు 13 మంది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుండి వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు, కూలి కుటుంబాలు వీరిలో ఎక్కువ. ఇక్కడ రైలు లేదు. పోర్ట్ బ్లెయిర్ నుండి దిగ్లీపూర్ వరకు రైలు మార్గం వేయాలన్న ప్రతిపాదన 2017లో వార్తలకెక్కినా పట్టాలు పడలేదు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారినది. ప్రధాన భూమి నుండి దూరం మాత్రం మారలేదు. చెన్నై, విశాఖపట్నం, కలకత్తా రేవులు మూడూ ఇంచుమించు 1,200 కిలోమీటర్ల దూరం. ఓడ మీద రెండున్నర నుండి మూడు రోజుల పయనం.

రైలు లేని చోట రైల్వే ఉద్యోగి ప్రస్తావన ఏమిటని అడగవచ్చు. ప్రధాన భూమి మీద రేకులో రేవుకు చేరి, అక్కడ ఓడ ఎక్కి దీవికి వచ్చే సరుకు బరువు మొదట నమోదయ్యేది ఏదో ఒక గూడ్స్ షెడ్డులో. ఆ అంకె అక్కడ ఆగదు. రేవు లెక్కలోకి, ఓడ మానిఫెస్టులోకి, గిడ్డంగి లెక్కలోకి పోతుంది. దీవిలో బస్తాలు దించేటప్పుడు తరుగు కనిపిస్తే వేలు తిరిగి వెనుకకు చూపుతుంది. రైలు చేరని చోటికి కూడ రైల్వే క్లర్కు వ్రాసిన అంకె చేరుతున్నదన్నమాట.

ఇక తపాలా. శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఉప తపాలా కార్యాలయంలో ఒక తల్లి క్యాంప్‌బెల్ బే లోని కుమారునికి మందుల పార్సెలు కట్టినదనుకుందాం. ఆ పార్సెలు కౌంటరు దాటి, ఆర్.ఎం.ఎస్. సార్టింగు దాటి, రైలు మీద గాని విమానం మీద గాని మహానగరం చేరి, అక్కడినుండి శ్రీ విజయపురం రావాలి. అక్కడినుండి దక్షిణాన 500 కిలోమీటర్లకు పైబడిన దూరం అంతర్ద్వీప నౌక మీద పోవాలి. దీవుల తపాలా డివిజను పశ్చిమ బెంగాల్ సర్కిలులో భాగం. అంటే ఒక్క పార్సెలు రెండు సర్కిళ్లు, ఎన్నో చేతులు దాటుతున్నది. ప్రతి చేతి వద్ద ఒక నమోదు.

వానకాలంలో సముద్రం పొంగి నౌక రెండు రోజులు ఆలస్యమైనదనుకోండి. బ్యాగు నౌకలోనే ఉన్నది. యంత్రంలో మాత్రం గడువు గడియారం తిరుగుతూనే ఉన్నది. ఆ గడియారం సముద్రాన్ని ఎరుగదు. గడువు మించినదని ఎర్ర గుర్తు పడేది ఎవరి పేరు మీద? నౌక పేరు మీద కాదు, తుఫాను పేరు మీద కాదు, చిట్టచివర బ్యాగు విప్పవలసిన తపాలా ఉద్యోగి కార్యాలయం పేరు మీద. పైనున్నవారికి కనిపించేది ఆ ఎర్ర గుర్తే.

ఒక్క తీగ మీద ఊగే దీవులు

2020 ఆగస్టు 10న చెన్నై నుండి ఈ దీవులకు సముద్రగర్భ కేబులు ప్రారంభమైనది. సుమారు 2,300 కిలోమీటర్ల తీగ, 1,224 కోట్ల రూపాయల వ్యయం. ప్రభుత్వరంగ సంస్థ బి.ఎస్.ఎన్.ఎల్. ఆధ్వర్యంలో పూర్తి అయినది. శ్రీ విజయపురంతో పాటు స్వరాజ్ ద్వీపం, లాంగ్ ఐలండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్‌లను కలిపినది. అంతకుముందు ఉపగ్రహం మీద ఆధారపడి నత్తనడక నడిచిన ఉద్యోగులకు ఇది నిజమైన మేలు. మేలును మేలు అని చెప్పడానికి మనకు సంకోచం లేదు.

అయితే ఈ కేబులు చేరనివి, మనుషులు కాపురముండే దీవులు ఇంకా ఉన్నవి. కేబులు చేరిన చోట కూడ తీగ తెగినా, విద్యుత్తు పోయినా, చెన్నై కొసలో లోపం వచ్చినా సందేశం ఆగిపోతుంది. బ్యాగు ఆగదు. నౌక రేవులో నిలబడియుంటుంది, సరంగు తొందర పెడుతుంటాడు, బ్యాగులు దించుకోవలసిందే. అప్పుడు ఉద్యోగి చేసేది కాగితం మీద వ్రాయడమే. ఆ కాగితానికి చట్టబద్ధమైన విలువ ఉన్నదా లేదా? యంత్రం బాగుపడిన తరువాత ఎక్కించిన నమోదులో "సంఘటన జరిగిన గంట" వేరు, "ఎక్కించిన గంట" వేరు అని కనిపిస్తుందా లేదా? కనిపించకపోతే ఉద్యోగి ఉదయం దించుకున్న బ్యాగు సాయంత్రం దించుకున్నట్లు లెక్కకు వస్తుంది. మధ్యనున్న గంటలకు అతడే సంజాయిషీ చెప్పుకోవాలి.

2004 డిసెంబరు 26 నాటి సునామీని ఈ దీవులు మరువలేదు. టెలిఫోన్లు మూగబోయిన ఆ రోజులలో, హాం రేడియో ప్రయోగం కొరకు అప్పటికే పోర్ట్ బ్లెయిర్ వచ్చియున్న భారతీ ప్రసాద్ బృందం తమ రేడియోల ద్వారా వార్తలు చేరవేసినది. ఆ సందేశాలకు విలువ ఎక్కడినుండి వచ్చినది? పలుకుతున్నది ఫలానా మనిషి, ఫలానా చోటినుండి, తాను చూచిన సంగతి చెబుతున్నది అన్న నమ్మకం నుండి వచ్చినది. ఎంత గొప్ప యంత్రమైనా ఆ నమ్మకానికి ప్రత్యామ్నాయం కాదు.

శిక్ష ఎవరికి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. సందేశానికి, సరుకుకు పొంతన కుదరనప్పుడు ఏమి జరుగుతున్నది?

తపాలా ఉద్యోగులకు వర్తించే 1965 నాటి సి.సి.ఎస్. (సి.సి.ఎ.) నియమావళిలో 11వ నియమం (iii) క్లాజు ప్రకారం, నిర్లక్ష్యం వలన గాని, ఉత్తర్వుల ఉల్లంఘన వలన గాని ప్రభుత్వానికి కలిగిన నష్టాన్ని జీతం నుండి రాబట్టవచ్చును. రైల్వేలో 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమావళి 6వ నియమం (iii) క్లాజు అదే మాట చెబుతున్నది. వీటిని "స్వల్ప శిక్షలు" అంటారు. ఒక గ్రూప్ సి ఉద్యోగి జీతంలో నుండి నెలనెలా కోత పడితే ఆ ఇంటి పిల్లల చదువుకు అది స్వల్పమా? స్వల్ప శిక్ష కనుక పూర్తి విచారణ అన్ని సందర్భాలలోను తప్పనిసరి కాదు. మెమో ఇచ్చి, సంజాయిషీ తీసుకుని, ఉత్తర్వు వేయవచ్చును.

ఆ మెమోకు జతపరిచే సాక్ష్యం ఏమిటి? యంత్రపు తెర మీది ఒక అచ్చు ప్రతి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం న్యాయస్థానంలో ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే దానితో నిర్ణీత ధ్రువపత్రం ఉండాలి. హంతకునిపై కేసులో కూడ ఈ రక్షణ ఉన్నది. నిజాయితీగా ముప్పది ఏళ్లు పనిచేసిన సార్టింగు అసిస్టెంటుకు మాత్రం తెర ప్రతి చాలునట!

2023 నాటి పోస్టాఫీసు చట్టం 10వ సెక్షను, మోసపూరితంగా గాని ఉద్దేశపూర్వకంగా గాని నష్టం కలిగిస్తే తప్ప తపాలా అధికారి సేవ విషయమై బాధ్యుడు కాడని చెప్పినది. అంటే బయటి ప్రపంచం ముందు చట్టం మనకు గొడుగు పట్టినది. ఇంటిలోపల మాత్రం నిర్లక్ష్యం అన్న ఒక్క మాటతో శాఖ ఆ గొడుగును లాగివేసుకుంటున్నది. ఈ వైరుధ్యాన్ని ప్రశ్నించవలసిన సమయం వచ్చినది.

బ్రిటన్ నేర్పిన పాఠం

ఇదంతా ఊహాజనిత భయమని అనేవారు బ్రిటిష్ పోస్టాఫీసు కథ వినాలి. ఫుజిత్సు సంస్థ తయారు చేసిన హొరైజన్ అనే వ్యవస్థను అక్కడ 1999లో ప్రవేశపెట్టడం మొదలుపెట్టారు. ఉప తపాలా కార్యాలయాల నగదు లెక్కలు ఆ యంత్రంలో తరుగు చూపసాగినవి. సబ్ పోస్ట్‌మాస్టర్లు తమ సొంత డబ్బు పోసి తరుగు పూడ్చారు. ఇండ్లు తాకట్టు పెట్టారు. తప్పు యంత్రానిది అని మొత్తుకుంటే, "మీ ఒక్కరికి తప్ప ఎవరికీ ఇలా జరగడం లేదు" అని సమాధానం వచ్చినది. 1999 నుండి 2015 మధ్య 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద శిక్షలకు గురి అయినారు. అక్కడి చట్టంలో కంప్యూటరు సరిగానే పనిచేస్తున్నదని ముందుగా భావించే సూత్రం ఒకటి ఉండడం వారి పాలిట ఉరి అయినది.

ఆలన్ బేట్స్ అనే మాజీ సబ్ పోస్ట్‌మాస్టరు నాయకత్వాన 555 మంది కలిసి వేసిన దావాలో 2019 డిసెంబరులో హైకోర్టు ఆ వ్యవస్థలో లోపాలు, పొరపాట్లు ఉన్నవని తేల్చినది. ఉద్యోగికి తెలియకుండా కంపెనీవారు దూరం నుండి లెక్కలలో చేయి పెట్టగలిగేవారన్నది కూడ బయటపడినది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి శిక్షలను రద్దు చేయవలసి వచ్చినది. కనీసం 13 మంది ఈ వ్యవహారం వలన ఆత్మహత్య చేసుకుని ఉండవచ్చునని విచారణ సంఘం 2025 జూలైలో విడుదల చేసిన మొదటి సంపుటంలో పేర్కొన్నది.

మనకు మరొక సంగతి ముఖ్యం. ఆ సబ్ పోస్ట్‌మాస్టర్ల సమాఖ్య పోస్టాఫీసు ఇచ్చే నిధుల మీద ఆధారపడియున్నదనీ, స్వతంత్రమైనది కాదనీ అదే కేసులో న్యాయమూర్తి వ్యాఖ్యానించాడు. యాజమాన్యం ఉప్పు తిన్న సంఘం, ఒంటరియైన ఉద్యోగి, తప్పెరుగని యంత్రం, ఈ మూడూ కలిసిన చోట న్యాయం బ్రతకదు. సంఘం ఎందుకు అని అడిగే యువ సహోద్యోగులకు ఇంతకంటె మంచి జవాబు లేదు.

వారి వాదనలు, మన జవాబులు

ఒకే అంకెను పదిచోట్ల తిరిగి వ్రాయడం పోయి ఒకేసారి నమోదు చేస్తే పొరపాట్లు తగ్గుతాయి అంటారు. నిజమే. ఫార్వర్డింగ్ నోటు నుండి ఆర్.ఆర్.కు, అక్కడినుండి రిజిస్టరుకు, అక్కడినుండి రిటర్నుకు ఒకే బరువును తిరగవ్రాసి వ్రేళ్లు అరగదీసుకున్నవారము మనమే. ఆ చాకిరీ పోవడం మనకు సంతోషమే. కాని ఒకేసారి నమోదైన ఒప్పు పదిచోట్లకు పోయినట్లే ఒకేసారి పడిన తప్పు కూడ పదిచోట్లకు ఒక్క క్షణంలో పోతుంది. పాత పద్ధతిలో రెండవ క్లర్కు మొదటి క్లర్కు పొరపాటును పట్టేవాడు. ఆ రెండవ కన్నును తొలగించినప్పుడు దాని స్థానంలో ఏమి పెట్టారు?

ప్రజలకు వేగంగా సేవ అందుతుంది అంటారు. వేగాన్ని మేమూ కోరుతున్నాము. మందుల పార్సెలు కోసం ఎదురుచూసే క్యాంప్‌బెల్ బే రోగికి తెర మీద "బయలుదేరినది" అన్న మాట మందు కాదు. ఓడలు పెంచకుండా, ఖాళీలు పూరించకుండా, సందేశాన్ని మాత్రం వేగిరపరిస్తే ఆ రోగికి త్వరగా అందేది ఆలస్యపు వార్తే.

మీరు అభివృద్ధి నిరోధకులు అంటారు. 1960లలో కలకత్తా జీవిత బీమా ఉద్యోగులు కంప్యూటరును అడ్డుకున్న కథను మన మీదికి విసురుతారు. ఆనాటి పోరాటం ఉద్యోగాల రక్షణ కొరకు. ఈనాటి మన పోరాటం దానితో పాటు బాధ్యత యొక్క న్యాయమైన పంపిణీ కొరకు. రైల్వే మంత్రిత్వశాఖ కింద 1986లో ఏర్పడిన క్రిస్ సంస్థ ఫాయిస్‌ను నడుపుతున్నది. తపాలాలో 2013లో టి.సి.ఎస్. సంస్థకు అప్పగించిన వ్యవస్థ స్థానంలో, మైసూరులోని మన శాఖ సాంకేతిక కేంద్రంవారే నిర్మించిన కొత్త వ్యవస్థ 2025 ఆగస్టు 4 నాటికి దేశమంతటి తపాలా కార్యాలయాలలో అమలుకు వచ్చినది. తొలి రోజులలో అనేకచోట్ల కౌంటర్లు నిలిచిపోయి, వరుసలలో నిలబడిన ప్రజల కోపాన్ని మన ఉద్యోగులే భరించారు. అయినను ప్రభుత్వోద్యోగులు ఇంతటి వ్యవస్థను స్వయంగా నిర్మించగలరని అది రుజువు చేసినది. యంత్రాన్ని కట్టినవారిని, నడుపుతున్నవారిని పట్టుకుని యంత్ర విరోధులనడం ఏమి న్యాయం?

లాభం ఎవరి ఖాతాకు?

2022 సెప్టెంబరు 17న జాతీయ లాజిస్టిక్స్ విధానంతో పాటు యూలిప్ అనే ఉమ్మడి వేదికను ప్రారంభించారు. రైల్వే, కస్టమ్స్, రేవులు, వాహనాల రిజిస్ట్రేషను మొదలైన అనేక ప్రభుత్వ వ్యవస్థల సమాచారాన్ని ప్రైవేటు కంపెనీలు ఒకేచోట తీసుకొనే వీలు దీనివలన కలిగినది. దీనిని నిర్వహిస్తున్న సంస్థ భారత ప్రభుత్వ పారిశ్రామిక కారిడార్ ట్రస్టు, జపాను దేశపు ఎన్.ఇ.సి. కార్పొరేషను కలిసి ఏర్పరచినది.

ఏ రేకు ఏ సైడింగులో ఉన్నది అన్న సమాచారం ఎవరి శ్రమ ఫలం? ఎండలో వానలో యార్డులో తిరిగి వ్యాగన్ నెంబర్లు సరిచూచిన ఉద్యోగి శ్రమ ఫలం. ఆ సమాచారంతో కంపెనీ తన గిడ్డంగి అద్దెను, నిల్వ పెట్టుబడిని తగ్గించుకుంటున్నది. తప్పక తగ్గించుకోనివ్వండి. కాని ఆ సమాచారంలో పొరపాటు వచ్చినప్పుడు కంపెనీ వేలు చూపేది ఆ యార్డు ఉద్యోగినే అయితే, లాభంలో భాగస్వామ్యం లేనివానికి నష్టంలో మాత్రం పూర్తి వాటా ఎందుకు? సరుకుదారు స్వయంగా ప్రకటించిన బరువు మన వ్యవస్థ గుండా పోయినంత మాత్రాన "రైల్వే ధ్రువీకరించిన బరువు"గా ఎందుకు మారాలి? "సెడ్ టు కంటైన్" అన్న షరతు ఆ అంకెతో పాటు ఎన్ని యంత్రాలు దాటినా నిలిచియుండునన్న హామీ ఎవరు ఇస్తారు?

మన కోర్కెలు

ఈ పరిస్థితులలో ఈ క్రింది కోర్కెలను ప్రతి శాఖ సమావేశంలోను చర్చించి, తీర్మానించి, పై కమిటీలకు పంపవలసినదిగా కోరుతున్నాము.

1. సరుకుకు, పార్సెలుకు సంబంధించిన ప్రతి ఎలక్ట్రానిక్ సందేశంలోను పంపినవారు ప్రకటించిన అంకె, ఉద్యోగి సరిచూచిన అంకె వేర్వేరు గడులలో ఉండాలి. సరిచూడని పక్షంలో ఆ మాట సందేశంతో పాటు చివరిదాకా ప్రయాణించాలి.

2. సంఘటన జరిగిన గంట, యంత్రంలో ఎక్కించిన గంట విడివిడిగా నమోదు కావాలి. సంబంధం తెగిన వేళ ఉద్యోగి వ్రాసిన కాగితపు నమోదుకు పూర్తి అధికారిక విలువ ఇస్తూ ఉత్తర్వులు వెలువడాలి. అండమాన్, నికోబార్, లక్షద్వీప్, గిరిజన, కొండ ప్రాంతాలలో ముందుగా అమలు జరగాలి.

3. కేవలం తెర ప్రతి ఆధారంగా జీతం నుండి రాబట్టే ఉత్తర్వులను నిలిపివేయాలి. అటువంటి ప్రతి కేసులోను, అది స్వల్ప శిక్షయే అయినప్పటికీ, పూర్తి విచారణ జరపాలి. ధ్రువపత్రంతో కూడిన మూల రికార్డును, ఆ నమోదును ఎవరు ఎప్పుడు మార్చారన్న వివరాన్ని ఉద్యోగికి ఇవ్వాలి.

4. నౌక, వాతావరణం, కేబులు లోపాల వలన కలిగిన ఆలస్యాన్ని గడువు లెక్కలనుండి మినహాయించాలి.

5. కొత్త సందేశ వ్యవస్థ ఏదైనా అమలు చేయడానికి పూర్వం గుర్తింపు పొందిన సంఘాలతో సంప్రదించాలి. కౌంటరులో, యార్డులో పనిచేసేవారిచేత పరీక్ష చేయించాలి. గ్రామీణ డాక్ సేవకులను ఇందులో విస్మరించరాదు.

6. క్రిస్, తపాలా సాంకేతిక కేంద్రం వంటి ప్రభుత్వ నిర్మాణాలను బలపరచాలి. ఉద్యోగుల శ్రమతో పోగైన సమాచారంపై అధికారం ప్రభుత్వరంగంలోనే ఉండాలి.

ఈ కోర్కెలలో ఒక్కటైనా యంత్రాన్ని ఆపమని కోరడం లేదు. 1989 నాటి చట్టం కాగితానికి నేర్పిన న్యాయాన్ని యంత్రానికి కూడ నేర్పమంటున్నాము. లైన్ క్లియర్ ఇచ్చే స్టేషను మాస్టరుకు ప్రైవేటు నెంబరు ఇచ్చినవారు, లక్షలాది సందేశాలు పంపే గుమాస్తాకు, సార్టరుకు, డాక్ సేవకునికి అటువంటి రక్షణ ఇవ్వలేమని ఎట్లు చెప్పగలరు?

మిత్రులారా, రైల్వే ఉద్యోగి వేరు, తపాలా ఉద్యోగి వేరు అని మనం అనుకున్నంత కాలం మెమోలు విడివిడిగానే వస్తాయి, సంజాయిషీలు విడివిడిగానే పోతాయి. గూడ్స్ షెడ్డులో పుట్టిన అంకె, కౌంటరులో పుట్టిన అంకె చివరకు ఒకే ఓడ ఎక్కుతున్నవి. వాటిని వ్రాసిన చేతులు కూడ కలవాలి. ప్రతి శాఖలోను యంత్రపు తెర ఆధారంగా వచ్చిన మెమోల జాబితా తయారు చేయండి. తేదీ, సందేశం, సరుకు, శిక్ష, ఈ నాలుగు వివరాలు వ్రాసి ఫెడరేషను కార్యాలయానికి పంపండి. విడివిడిగా చూస్తే అవి ఒక్కొక్క ఉద్యోగి నిర్లక్ష్యంగా కనిపిస్తాయి. ఒకచోట పేర్చి చూపినప్పుడు వ్యవస్థ లోపం దానంతట అదే మాట్లాడుతుంది.

చెప్పినవాడు జవాబు చెప్పాలి. చూచినవాడు చూచినంతకే జవాబుదారి కావాలి. అంతకు మించి ఒక్క రూపాయి కూడ మన జీతాలనుండి కోయనివ్వము.

రైల్వే, తపాలా ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి!